చెయ్యి వదిలితే ఆగే బండి

మా క్వార్టరు రెండో అంతస్తులో ఉంది. కింది వార్తలు మాకు మెట్లెక్కి వస్తాయి. మొన్న ఆదివారం వచ్చిన దుర్వార్తను మా ఇంటావిడ గుమ్మంలో నిలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకొని చెప్పింది. "ఏందండీ ఇది, సామ్యేలు పోయిండట. చర్చి నుంచి వచ్చి కుర్చీల కూసున్నడు, మళ్ళ లేవలేదట."

నేను నమ్మలేదు. రెండు రోజుల కిందటే ఆయన మా గదిలో నిలబడి ఉన్నారు. మా బ్లాకు వాళ్ళందరూ నిమిషంలో ఆయన గుమ్మం ముందు చేరారు. నేను మాత్రం పైనుంచి ఆ అడుగుల చప్పుడు వింటూ కూర్చున్నాను.

మన తెలుగు సంఘం పత్రిక చదివేవారిలో చాలామందికి సామ్యేలు గారు గనిలో కన్వేయరు బెల్టుల ఫిట్టరుగా తెలుసు. విజయనగరం వైపు నుంచి కిరందుల్ లైనుకు వచ్చిన రైల్వే కుటుంబం వారిది. తండ్రి గూడ్సు గార్డు. సామ్యేలు గారు తన పదవీ విరమణ తరవాత, నర్సుగా చేస్తున్న కూతురి క్వార్టరులో, సరిగ్గా మా కింద, భార్య మరియమ్మ గారితో ఉండేవారు. ఆయనను 'గారు' అనడం నేను ఈ వ్యాసంలోనే మొదలుపెట్టాను. బతికి ఉండగా 'ఏమోయ్' అన్నాను. ఆయన నాకంటే మూడేళ్ళు పెద్ద.

నా సంగతి కొంత చెప్పక తప్పదు. కిష్టారం వైపు మా పూర్వులకు ఊళ్ళుండేవి. ఇప్పుడు ఇంటిపేరూ, కొన్ని నియమాలూ మిగిలాయి. మా ఇంటి మగవాడు పరుల ఇంట మంచినీళ్ళు కూడా ముట్టడు. మరొకరి భుజాల మీద మెట్లు దిగడు. దిగేది కడపటి ప్రయాణంలో ఒక్కసారే. నాలుగేళ్ళ కిందట దంతెవాడ దారిలో జీపు బోల్తాపడి నా నడుము కింద స్పర్శ పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నలుగురు నన్ను చక్రాల కుర్చీతో సహా మా అబ్బాయి క్వార్టరుకు మోసుకొచ్చారు. ఎక్కించడం గనక ఊరుకున్నాను. దించడానికి ఎవరూ రావద్దన్నాను. నాలుగేళ్ళు దిగలేదు.

ఒక ఉదయం సామ్యేలు గారు పైకి వచ్చి, కుర్చీ చుట్టూ తిరిగి, చక్రాలు నొక్కి చూసి అడిగారు: "బాబూ, తవరు ఎంత బరువుంటారేటి?"

"మా ఇంటి మగవాళ్ళను వెండితో తప్ప తూచలేదోయ్" అన్నాను.

"ఎండి మా కాడ నేదు బాబూ. ఇటికెలున్నాయి."

మా ఇంటావిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. చివరికి బరువు చెప్పాను. ఆయన అంత బరువు ఇటుకలు గోనెసంచుల్లో పోసి, ఒక పాత కుర్చీలో కట్టి కూర్చోబెట్టి, వాటికి 'బాబుగారు' అని పేరు పెట్టారు. నా కోసం ఆయన చేస్తున్న మెట్లు దిగే బండి మీద మొదటి ప్రయత్నంలో ఆ బాబుగారు సగం మెట్ల దాకా సాఫీగా దిగి, తరవాత పరుగెత్తి, గోడకు గుద్దుకొని పగిలారు. ఆ శబ్దం నేను పైనుంచి విన్నాను. వెంటనే కింద ఆయన గొంతు: "మరేటి పర్లేదు బాబూ! తవరు కారు, ఇటికెలే!"

ఆయన చేసినది కుర్చీ వెనక కొక్కేలతో తగిలించే చట్రం. దాని కింద రెండు రబ్బరు పట్టాలు, కన్వేయరు బెల్టు నుంచి కోసినవి, చిన్న రోలర్ల మీద తిరుగుతాయి. కుర్చీ కొంచెం వెనక్కి వాలుతుంది. పట్టాలు ఎప్పుడూ రెండు మూడు మెట్ల అంచులను పట్టుకొని ఉంటాయి. కొండ మీది ఖనిజాన్ని కిందికి దించే బెల్టుల మధ్య బతికిన మనిషి గనక ఆయనకు అసలు సమస్య ఎక్కడుందో తెలుసు. "ఎక్కించీడం ఇంజిను పని బాబూ. దించడవే మనిసి పని" అనేవారు. ఘాట్‌లో దిగే గూడ్సు బండిలో కూర్చొని వాళ్ళ నాన్న చెప్పిన మాటట అది.

ఇటుకలు పగిలిన తరవాత ఆయన బ్రేకును తిరగేశారు. పట్టుకుంటే ఆగే బ్రేకు కాదు. స్ప్రింగులు దాన్ని ఎప్పుడూ బిగించి ఉంచుతాయి, పిడి నొక్కితేనే బండి కదులుతుంది. "బయమేస్తే మనిసి సెయ్యి ఒగ్గీస్తాడు. ఒగ్గీసినప్పుడు ఆగిపోవాల. అది బండంటే."

ఆ పిడి మొదట కుర్చీ వెనక ఉండేది, మరొకరు నొక్కడానికి. నా వెనక ఎవరి చెయ్యీ ఉండకూడదన్నాను. మా ఇంటావిడ కోప్పడింది. "ఏంది మీ పట్టుదల? పెద్దమనిషి గింత కష్టపడి చేసిండు, ఒక్కపాలి కూసోని చూడరాదా?" సామ్యేలు గారు ఆమెను వారించారు. "బాబు సెప్పింది నిజవేనమ్మా. ఎవుడి బండి ఆడే ఆపుకోవాల." మళ్ళీ రెండు నెలలు పనిచేసి, పాత స్కూటరు పిడినీ తీగనూ నా కుడిచేతి దగ్గరికి తెచ్చారు.

మొన్న శుక్రవారం పొద్దున బండి పైకి వచ్చింది. కింద మరియమ్మ గారు టీ పెట్టి వరండాలో రెండు కుర్చీలు వేశారు. "ఇయాల మా ఇంటికాడ టీ తాగాల బాబూ" అన్నారు ఆయన. ఆయన నా దగ్గర కోరినది ఇన్నాళ్ళలో అదొక్కటే. నేను బండి వైపు చూశాను. పట్టా మీద తెల్లరంగుతో హిందీ అక్షరాలు కనిపించాయి: ఖారిజ్. పనికిరాదని తీసేసిన బెల్టు మీద గని స్టోరువాళ్ళు వేసే ముద్ర. పాత ఇనుము అమ్మే కబాడీ దుకాణంలో ఆయన కొన్న ముక్క మీద అది అలాగే ఉండిపోయింది.

"మమ్మల్ని ఖారిజ్ చేసినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఆ ముద్ర మీద నేను కూర్చోను" అన్నాను.

ఆయన ముఖం చూడలేదు నేను. మాట మాత్రం విన్నాను. "దానికేటుంది బాబూ, తుడిచీస్తాను." బండిని విప్పి, రెండు విడతలుగా కిందికి మోసుకెళ్ళారు. ఆ వయసులో ఒక్కరే. టీ చల్లారిపోయి ఉంటుంది.

నా అభ్యంతరం ముద్ర గురించేనా, కింద ఎదురుచూస్తున్న టీ గురించా? ఇప్పుడు దాచడం అనవసరం. టీ గురించే.

సోమవారం మధ్యాహ్నం, ఆయనను తీసుకెళ్ళే ముందు, బండిని పైకి పంపమని మా అబ్బాయితో మరియమ్మ గారికి కబురు పెట్టాను. వచ్చింది. ముద్రను కిరసనాయిలుతో రుద్దారు. చివరి అక్షరం ఇంకా కొంచెం మిగిలి ఉంది. మా అబ్బాయి కొక్కేలు తగిలించి పక్కకు జరిగాడు. పిడి నొక్కాను. నాలుగేళ్ళుగా చూడని మెట్లు ఒక్కొక్కటే నా పాదాల ముందు నుంచి జారుతున్నాయి. రెండో వరస సగంలో ఉండగా కింద గుమ్మంలో సామ్యేలు గారి చెప్పులు కనిపించాయి. చెయ్యి జారింది. ముందుకు పడిపోతానని కళ్ళు మూసుకున్నాను. బండి ఆగింది. ఆ వాలులో, ఎవరి చెయ్యీ లేకుండా, నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆగే ఉంది.

నేను కిందికి చేరేసరికి శవపేటికను భుజాల మీద బయటికి తెస్తున్నారు. దారికి అడ్డంగా ఉన్నానని మా అబ్బాయి కుర్చీ తప్పించబోయాడు. "రుకో భాయ్, రుకో" అని మోసేవాళ్ళను ఆపారెవరో. మరియమ్మ గారు నన్ను చూసి, "బాబు దిగినారు. ఒక్కపాలి వొంచండర్రా" అన్నారు.

వాళ్ళు మోకాళ్ళు వంచారు. పేటిక మూల నా భుజం మీద ఆనింది. ఎవరి భుజమూ అక్కర్లేదన్నవాణ్ణి. ఆయనకు ఇవ్వగలిగింది ఆ కాసేపే.

మగవాళ్ళు సమాధుల తోటకు కదిలారు. వరండాలో ఆ రెండు కుర్చీలు అలాగే ఉన్నాయి. గుమ్మం దగ్గర కూర్చొని మరియమ్మ గారిని మంచినీళ్ళు అడిగి తాగాను. మా ఇంటి నియమం అక్కడితో ముగిసింది. అటువంటి పనివాడు, అంత ఓర్పు గల మనిషి ఈ లైనులో మళ్ళీ దొరకడు. ఆ బండి ఇప్పుడు మా బ్లాకు మెట్ల కింద ఉంది, అవసరమైనవారు తీసుకోవచ్చు. శుక్రవారం టీ మాత్రం నేను ఇక తాగలేను.