మూడు టబ్బుల ఆలుచిప్పలు

పదవీ విరమణకు నాలుగేళ్ళ ముందు, కార్తీక మాసం చివర్లో, నన్ను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డిలోని ఒక కళాశాలకు బదిలీ చేశారు. నేను జంతుశాస్త్రం చెప్పేదాన్ని. నీటి వేడిని బట్టి చిన్న ఆలుచిప్పల పెరుగుదల ఎలా మారుతుందో విద్యార్థులకు చూపాలని ఆ చలికాలం ఒక ప్రయోగం మొదలుపెట్టాను.

మంజీరలో చేపలు పట్టే గంగవ్వ వేలిగోరంత చిప్పలు తెచ్చి ఇచ్చింది. వాటిని మూడు టబ్బుల్లో వేశాం. ఒకదాన్ని చలికి వదిలేశాం. రెండోదాన్ని గోరువెచ్చగా, మూడోదాన్ని హీటరుతో ఎండాకాలపు మడుగంత వేడిగా ఉంచాం. ఆలుచిప్పలు నీటిని వడగట్టి అందులోని సన్నని నాచును తింటాయి. అందుకని మూడింటికీ రోజూ ఒకే కొలతలో నాచునీళ్ళు పోసేవాళ్ళం. ల్యాబ్ అటెండర్ ఖాజా భాయ్ తన బిడ్డ గోళ్ళరంగుతో చిప్పలకు నంబర్లు వేశాడు. వారానికోసారి నేను వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే అతను రాసుకునేవాడు.

వేడి టబ్బే గెలుస్తుందని తరగతిలో గట్టిగా చెప్పాను. కామారెడ్డి సైన్స్ ప్రదర్శనకు పేరు కూడా ఇచ్చేశాను. ఆరు వారాలు గడిచాయి. గోరువెచ్చని టబ్బులోవి పెరిగాయి, చలిలోవి ఏదో కాస్త పెరిగాయి. వేడి టబ్బులోవి మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. వేడికి పెరుగుదల ఆగిపోయిందని రాయడానికి కూర్చున్నాను.

అప్పుడే చేపలమ్మి ఇంటికి పోతూ గంగవ్వ ల్యాబులోకి తొంగి చూసింది.

“ఎండాకాలం మడుగుల నీళ్ళు కాలుతుంటయి మేడం. అయినా గివి మస్తు పెరుగుతయి. నీ నీళ్ళేంది, అద్దం లెక్క తేటగున్నయి? ఆకలైతున్నట్టుంది వాటికి.”

వంగి మూడు టబ్బులూ చూశాను, వేడిదాంట్లోనే నీళ్ళు అంత తేటగా ఉన్నాయి. వేడికి వాటి ఒంటి పని వేగం పుంజుకుని, పోసిన నాచంతా పొద్దున్నే తినేసి, మిగతా రోజంతా పస్తులుంటున్నాయన్నమాట.

ఆ రోజు నుంచి మూడు టబ్బుల్లోనూ నీళ్ళు ఎప్పుడూ లేతపచ్చగా ఉండేలా నాచు పోశాం. మూడు వారాల తర్వాత వేడి టబ్బులోని ఏడో నంబరు చిప్పను కొలిచాను. నమ్మలేక మళ్ళీ కొలిచాను. ఖాజా భాయ్ కాలిపర్స్ లాక్కుని తానూ కొలిచాడు.

“యా అల్లా! మిల్లీమీటర్ దాటి పెరిగింది మేడం! ఇయ్యాల నాకు ఈద్ పండుగే!”

ఇద్దరం చిన్నపిల్లల్లా ఎగిరాం. తడిచేతుల్తోనే వరండాలో పరుగెత్తి, ప్రిన్సిపాల్ గారి మీటింగులోకి దూసుకెళ్ళి, “సార్, ఏడో నంబరు పెరిగింది!” అని అరిచాను.

“ఎవరమ్మా, మన స్టూడెంటా?” అన్నారాయన కంగారుగా. వెనక నుంచి ఖాజా భాయ్ పగలబడి నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. సంగతి తెలిశాక మీటింగు మొత్తం లేచి టబ్బుల దగ్గరికి వచ్చింది.

ప్రదర్శన నాటికి వేడి టబ్బులోవే అన్నిటికన్నా వేగంగా పెరుగుతున్నాయి. అక్కడ చార్టు మీద గంగవ్వ పేరు మొదట రాశాం. ఆమె పట్టుచీర కట్టుకుని వచ్చి, పక్కనే నిలబడి, అడిగినవాళ్ళందరికీ తానే వివరించింది.

వేడి ఒక హద్దు వరకు ఆలుచిప్పను త్వరగా పెంచుతుంది, అయితే దానికి తగ్గ తిండి ఉండాలి. ఒకే కొలతలో మేత పోసి మూడింటినీ సమానంగా చూశాననుకోవడం నా పొరపాటు. అప్పటి నుంచి ఏ ప్రయోగంలోనైనా, థర్మామీటర్ చూసే ముందు మేత మిగిలిందో లేదో చూడమని చెప్పేదాన్ని.