తొందరపడ్డాడని రాశాను

కుప్పం దగ్గర ఒక ఫ్యాక్టరీలో హైడ్రోజన్‌ను వడకట్టి వేరుచేసే పల్చటి లోహపు పొరలు వాడేవారు. ఆ పొరలను కాపాడే పూతను పరీక్షించింది నేనే. వేడికి నిలిచిందని సంతకం పెట్టాను. మళ్లీ మళ్లీ చల్లార్చి కూడా చూడాల్సింది, చూడలేదు. తీరా ఫ్యాక్టరీలో పూత పెచ్చులూడిపోతే, ఆపరేటర్ తొందరపడి చల్లార్చాడని రాశాను. అతని ముఖం కూడా నేను చూడలేదు.

కొన్ని వారాల తర్వాత పుంగనూరులో మదనపల్లె బస్సెక్కాను. పక్కన కూర్చున్న పెద్దామె ప్లాస్టిక్ కవర్లోంచి ఒక కాగితం తీసింది.

"ఇంగ్లీషులో ఉండాది, రోంత సదివి సెప్పప్పా. మావోణ్ణి పనిలోంచి యాల తీసేసినారో. ఇంట్లో జీతమొచ్చేది వాడికొక్కడికే."

అందులో ఉన్నది నా వాక్యమే. "మిషన్ని తొందరపడి చల్లార్చాడంటమ్మా," అని తెలుగులో చెప్పాను.

ఆమె పకపకా నవ్వింది. "మావోడా? అన్నం తినేదానికే గంట పట్టిస్తాడప్పా! ఊర్లో అందురూ తాబేలంటారు వాణ్ణి. ఇది రాసినాయన వాణ్ణి సూసినాడా?"

"తెలీదమ్మా," అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "సూసింటే రాసుండడులే," అంటూ కాగితాన్ని పాత మడతల మీదే మడిచి కవర్లో పెట్టుకుంది. దిగేటప్పుడు, చదివి పెట్టినందుకు నాకు దండం పెట్టింది.

ఇప్పుడు ప్రతి పూతనూ పూర్తిగా చల్లారేదాకా కూర్చుని చూస్తాను. ఆ వాక్యాన్ని మాత్రం ఈరోజుకీ దిద్దలేదు.