అందరూ కోలుకున్నారు

జీవరాజు మాస్టారు తెలుగు చెప్పేవారు, నేను లెక్కలు చెప్పేవాణ్ణి. నిడదవోలుకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మా హైస్కూల్లో పద్నాలుగేళ్ళు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పుకున్నాం. ఆయన రిటైరై నాలుగేళ్ళయింది. ఆయన గురించి ఊళ్ళో ఇప్పుడు తలా ఒక మాట అంటున్నారు. జరిగిందాంట్లో కొంత నేను చూసింది, మిగతాది ఆయనే మా అరుగు మీద కూర్చుని చెప్పింది.

ఊరికి పడమట, మురుగు కాలువ దాటాక ఉన్న పేటలో పుట్టారాయన. తండ్రి పెద్ద రైతుల దగ్గర పాలేరు. లూథరన్ మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, తెలుగు పండిత శిక్షణ పూర్తిచేసి, పేటలో మొట్టమొదటి గవర్నమెంటు ఉద్యోగి అయ్యారు. పద్యం అందుకుంటే గొంతు ఖంగుమనేది. ఒకసారి స్కూలు వార్షికోత్సవానికి ఆయన రాసి చదివిన స్వాగత పద్యాలు విని, ముఖ్య అతిథిగా వచ్చిన ఎమ్మెల్యే బుల్లబ్బాయి గారు కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ డిసెంబరులోనే ఎమ్మెల్యే గారి నుంచి మాస్టారికి కబురొచ్చింది.

బుల్లబ్బాయి గారిది పాత పద్ధతి. ఎక్కడ మాట్లాడినా ఇల్లు, కుటుంబం, పెద్దల మాట, మందు మానడం, పిల్లల చేతుల్లో సెల్‌ఫోన్లు. చిన్నవాళ్ళని కూడా మీరు అనే పిలుస్తారు. ఏటా డిసెంబరు చివర్లో నియోజకవర్గంలో ప్రతి ఇంటికీ నాలుగు పేజీల ఉత్తరం పంపడం ఆయనకు అలవాటు. ఏ రోడ్డు వేయించారు, ఏది ఆగిపోయింది, ధాన్యం కొనుగోలు ఎంతవరకు వచ్చింది, బెల్టు షాపుల మీద ఆయన పోరాటం ఏమైంది, గంజాయి ఊళ్ళలోకి ఎలా వస్తోంది, కన్నవాళ్ళను చూసుకోని కొడుకుల గురించి ఆయన ఏమనుకుంటున్నారు, అన్నీ అందులో ఉండేవి. ఊళ్ళో జనం దాన్ని చదివేవారు. దాచుకునే ముసలివాళ్ళు కూడా ఉన్నారు. తొమ్మిదేళ్ళుగా ఆ ఉత్తరంలో భాష జీవరాజు మాస్టారిది. కింద ఆయన పేరు ఉండదు, కానీ అందరికీ తెలుసు.

"ఎమ్మెల్యే గారింటి వాకిట్లో మా నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడేవాడండి. నన్ను ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, మాస్టారూ ఈ ముక్క కుదిరిందా అని అడుగుతారు" అని నాతో ఒకసారి అన్నారు.

కిందటి అక్టోబరులో వారం రోజులు ఎడతెరపి లేకుండా వాన కురిసింది. పేటకు వెళ్ళే మంచినీళ్ళ పైపు మురుగు కాలువలోంచే దాటుతుంది. అక్కడ జాయింటు దగ్గర కారుతోందని పేటవాళ్ళు రెండేళ్ళ నుంచి అర్జీలు పెడుతూనే ఉన్నారు. వానలకు కాలువ పొంగి జాయింటు మునిగింది. మూడో రోజున కుళాయిల్లో నీళ్ళు కాస్త పసుపు రంగులో వచ్చాయి. వడగట్టుకుని తాగారు. తర్వాత రెండు రోజుల్లో అరవై మంది దాకా వాంతులు, విరేచనాలతో పడిపోయారు. మా స్కూల్లో క్యాంపు పెట్టారు. కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు కట్టి, బెంచీలు రెండేసి కలిపి పడుకోబెట్టారు. నా ఎనిమిదో తరగతి గదిలో ఆ వాసన నెల రోజులు పోలేదు.

ముగ్గురు చనిపోయారు. కొబ్బరికాయల దింపు పనికి వెళ్ళే పల్లంరాజు, ఒంటరిగా ఉండే సంపూర్ణమ్మ, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న సారిక. సారిక తల్లి బేబి మా స్కూల్లోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త లేడు, ఒక్కతే కూతురు. ఆ పిల్ల మాస్టారి దగ్గర తెలుగు చదువుకుంది, ఆయన రిటైరయ్యాక కూడా పుస్తకాల కోసం ఇంటికి వెళ్ళేది. ముగ్గురికీ ఆసుపత్రిలో ఇచ్చిన కాగితాల్లో కారణం ఒకటే రాశారు: గుండె, శ్వాస ఆగిపోవడం.

డిసెంబరు రెండో వారంలో మాస్టారు ఎప్పటిలాగే ఎమ్మెల్యే గారింట్లోనే ఉన్న ఆఫీసుకు వెళ్ళారు. ఉత్తరం చిత్తు ప్రతి రాసుకెళ్ళారు. మూడో పేజీలో పేటలో జరిగింది ఉన్నదున్నట్టు రాసి, ముగ్గురి పేర్లూ పెట్టి, పైపు మార్చడంలో ఆలస్యం జరిగినందుకు చింతిస్తున్నానని ఎమ్మెల్యే గారి మాటగా రాశారు. పీఏ గంగాధర్ ఆ పేజీ చదివి తల అడ్డంగా ఊపాడు. బుల్లబ్బాయి గారు మాత్రం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మాస్టారూ, బాగా రాశారు. కానీ డాక్టరు కాగితంలో నీళ్ళ వల్ల అని లేదు కదండీ. గవర్నమెంటు కాగితం ఒకటి చెబుతుంటే నేను ఇంకోటి రాస్తే ఎలాగండి?"

"కాగితంలో లేకపోయినా అందరూ చూశారండి."

"చూశారు. కాదనను. ఇప్పుడు ఇది అచ్చేశామనుకోండి, టీవీల వాళ్ళొస్తారు, ఎంక్వయిరీ అంటారు, పైపు పని ఆగిపోద్ది. భయపడి జనం కుళాయి ముట్టుకోరు. జనవరిలో పైపు మార్పిస్తాను. నా మాట మీద నమ్మకం ఉందా లేదా?"

"ఉందండి."

"అయితే ఆ ముక్క నెమ్మదిగా ఉండేలా మార్చండి. ఎలా రాయాలో మీకు తెలిసినంత మాకు తెలీదు."

గంగాధర్ టీ తెప్పించాడు. మాస్టారు అక్కడే కూర్చుని అరగంట ఆలోచించి, తన చేత్తోనే ఇలా రాశారు: "అక్టోబరు వర్షాలకు పడమటి పేటలో స్వల్ప అస్వస్థతకు గురైన సోదర సోదరీమణులందరూ సకాలంలో అందిన వైద్యంతో కోలుకున్నారు." ఎవరూ ఆయన చెయ్యి పట్టుకుని రాయించలేదు. ఈ మాట ఆయనే నాకు రెండుసార్లు చెప్పారు.

డిసెంబరు ఇరవయ్యెనిమిదిన ఉత్తరాలు పంచారు. మర్నాడు పొద్దున్నే బేబి మాస్టారింటికి వచ్చింది. ఆయన భార్య తబిత గారు లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. చేతిలో ఉత్తరం మూడో పేజీ పైకి వచ్చేలా మడిచి ఉంది.

"మాస్టారూ, ఇది మీరు రాసిందేనాండీ?"

ఆయన అవునన్నారు.

"గంగాధర్ గారు మార్చారేమో అనుకున్నానండి. దారంతా అదే అనుకుంటా వచ్చాను."

"లేదమ్మా. నేనే రాశాను. డాక్టరు కాగితంలో గుండె ఆగిందని..."

"చచ్చిపోయినోళ్ళందరికీ గుండె ఆగుద్ది కదండీ మాస్టారూ. ఎందుకు ఆగిందనే కదా ఎవరైనా అడిగేది." ఆమె గొంతు పెంచలేదు. "అందరూ కోలుకున్నారంట. మా సారిక కోలుకుంటే ఇంట్లో ఉండాలి కదండీ."

ఉత్తరం అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజంతా మాస్టారు అన్నం ముట్టలేదని తబిత గారు తర్వాత మా ఇంట్లో చెప్పారు.

జనవరి ఒకటిన పొద్దుట చర్చిలో ఆరాధన ఉంటుంది. ఆ రోజు ఎవరైనా లేచి, గడిచిన ఏడాది దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పుకోవచ్చు. మాస్టారు లేచారు. ఎప్పుడూ ఆయన సాక్ష్యం చెబితే పద్యంలా సాగేది. ఆ రోజు ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పారట.

"ఎమ్మెల్యే గారి ఉత్తరంలో మన పేట గురించి ఉన్న వాక్యం నేను రాశాను. అది అబద్ధం. పల్లంరాజు చనిపోయాడు. సంపూర్ణమ్మ చనిపోయింది. సారిక చనిపోయింది. ఆ నీళ్ళు తాగి చనిపోయారు. తెలిసి తెలిసి రాశాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి ఏడుపు వినబడింది. బేబి తల వంచుకునే ఉందట. ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు ఇద్దరు మాస్టారిని పక్కకు పిలిచి కేకలేశారు. సమాధుల దొడ్డికి ప్రహరీ కట్టిస్తానని ఎమ్మెల్యే గారు మాటిచ్చి ఉన్నారు, ఇప్పుడు అది పోయినట్టేనని వాళ్ళ బాధ. ఆయన సాక్ష్యం ఎవరో ఫోన్లో తీశారు. మధ్యాహ్నానికల్లా అది అందరి ఫోన్లకూ చేరింది.

సాయంత్రం నాలుగింటికి బుల్లబ్బాయి గారే స్వయంగా ఫోన్ చేశారు. అప్పుడు నేను మాస్టారింట్లోనే ఉన్నాను. మాస్టారు స్పీకర్ పెట్టారు, పొరపాటున నొక్కారో, కావాలనే నొక్కారో తెలియదు.

"మాస్టారూ, నూతన సంవత్సర శుభాకాంక్షలండి."

"మీకూనండి."

"మీ మీద నాకు కోపం లేదు. మీ మనసుకి తోచింది మీరు చేశారు. కానీ నా ఇంట్లో కూర్చుని రాసిన మాటని మీరు బయట నిలబడి అబద్ధం అన్నారు. ఇంట్లో మాట ఇంట్లో అనాలి కదండీ. నాతో ఒక్క మాట అనుంటే..."

"మొదట రాసుకొచ్చింది మీతో అన్న మాటేనండి."

"ఆరోగ్యం జాగ్రత్త" అని బుల్లబ్బాయి గారు ఫోన్ పెట్టేశారు. అదే ఆఖరు. ఎవరూ బెదిరించలేదు, మీద పడలేదు. గంగాధర్ ఎదురుపడితే బండి పక్కకు తిప్పుకుని పోయేవాడు. జనవరి ఇరవైన మాస్టారు పైపు సంగతి అడగడానికి ఎమ్మెల్యే ఆఫీసుకు వెళితే, పది నుంచి ఒంటిగంట దాకా వరండాలో నిలబెట్టి, అయ్యగారు మీటింగులో ఉన్నారని పంపేశారు.

పైపు మార్చలేదు. జాయింటుకు రబ్బరు చుట్టి ఇనుప పట్టీ బిగించారు. ఫిబ్రవరి మధ్యలో మళ్ళీ పదకొండు మంది మంచాన పడ్డారు. దేవుడి దయ, ఎవరూ పోలేదు. అప్పుడు మాత్రం జిల్లా నుంచి వచ్చి నీళ్ళ శాంపిల్స్ తీసుకెళ్ళారు. తాగడానికి పనికిరావని రిపోర్టు వచ్చింది. అక్టోబరు నీళ్ళ సంగతి ఆ రిపోర్టులో లేదు, ఉండే అవకాశమూ లేదు. మార్చిలో కాలువ మీదుగా కొత్త పైపు వేశారు. ప్రారంభించడానికి బుల్లబ్బాయి గారు వచ్చారు. పేటవాళ్ళు కొబ్బరికాయ కొట్టించి, దండ వేశారు. మాస్టారు ఇంట్లోనే ఉన్నారు.

ఆ నెలలోనే ఒకరోజు బేబి మళ్ళీ వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది. క్షమించాననే మాట అనలేదు, దాని ప్రస్తావనే తేలేదు.

"సారిక కాగితంలో కారణం మార్పించాలండి. నాకు పరిహారం కోసం కాదు. నీళ్ళ వల్ల అని రాయాలి. అర్జీ మీరు రాయాలండి."

మాస్టారు వెంటనే కాగితం తీశారు. "కళ్ళముందే కుసుమంలా రాలిపోయిన నా చిన్నారి" అని మొదలుపెట్టి చదివి వినిపించారు.

"అవన్నీ తీసెయ్యండి మాస్టారూ. పదహారేళ్ళ పిల్ల అని రాయండి. ఏ తారీఖున వాంతులు మొదలయ్యాయో, ఏ టైముకి ఆసుపత్రికి తీసుకెళ్ళానో, ఎన్నింటికి పోయిందో రాయండి. చాలు."

అలాగే రాశారు. పేజీలో సగం కూడా రాలేదు.

జిల్లా కేంద్రంలో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఇద్దరూ పొద్దున ఆరున్నర బస్సుకు వెళతారు. మొదటిసారి కేసు షీటు తెమ్మన్నారు. ఆసుపత్రిలో అడిగితే క్యాంపు నాటి షీట్లు ఎక్కడున్నాయో చూడాలన్నారు. రెండోసారి మెడికల్ ఆఫీసరు ద్వారా రావాలన్నారు. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయారు, వచ్చినావిడ తను చూడని కేసుకు సంతకం పెట్టనన్నారు. ఆవిడ మాటా న్యాయమేనని మాస్టారు నాతో అన్నారు. పల్లంరాజు వాళ్ళూ, సంపూర్ణమ్మ తరఫు వాళ్ళూ ఇక మాకెందుకని ఊరుకున్నారు.

నిన్నటి సోమవారానికి ఏడుసార్లు. ఈసారి మాస్టారికి కాస్త జ్వరంగా ఉంటే వద్దులెండి, నేనొక్కదాన్నే వెళతానని బేబి అందట. ఆయన వినలేదు. కౌంటరు దగ్గర కుర్రాడు అర్జీ తీసుకుని కంప్యూటర్లో కొట్టి, నంబరున్న చీటీ ఇచ్చాడు. పరిశీలనలో ఉందని ఫోనుకు మెసేజి వస్తుందన్నాడు. బేబి చీటీని మడిచి పర్సులో పెట్టుకుని, స్కూల్లో వంట ఆలస్యమవుతుందని గబగబా బస్టాండు వైపు నడిచింది. మాస్టారు అర్జీ నకళ్ళున్న సంచీ పట్టుకుని ఆమె వెనకే వెళ్ళారు.