నూలు షావుకారుకు నేను రాసిన ఉత్తరం

1986 వేసవిలో నేను చీరాలలో ఒక జాతీయ బ్యాంకు శాఖలో ఫీల్డ్ ఆఫీసరుగా ఉన్నాను. ఫీల్డ్ ఆఫీసరంటే అప్పు అడిగినవారి ఇల్లూ వ్యాపారమూ స్వయంగా చూసి, ఇవ్వవచ్చునో కాదో రాసిచ్చే ఉద్యోగి. అనుమానించడానికే నాకు జీతమిస్తున్నారని నేను బాహాటంగా చెప్పేవాణ్ణి. చూసిన ప్రతి దరఖాస్తుకూ తేదీ వేసి సొంత నోటుబుక్కులో నాలుగు వాక్యాలు రాసుకునేవాణ్ణి. ఆ పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఈ సంగతి వాటిని ముందు పెట్టుకునే రాస్తున్నాను.

ఆ ఏడే మా శాఖకు క్రెడిట్ కార్డు దరఖాస్తులు వచ్చాయి. ఆ కార్డు చూపి పెద్ద హోటళ్ళలో, కొన్ని దుకాణాల్లో డబ్బివ్వకుండానే కొనవచ్చు. ఊరుగాని ఊళ్ళో మా శాఖకు వెళ్ళి కొంత నగదు తీసుకోవచ్చు. నెలకొకసారి వచ్చే బిల్లును గడువులోగా కట్టాలి. దరఖాస్తు మీద నా రికమెండేషన్, అంటే సిఫారసు, ఉంటేనే అది హైదరాబాదు కార్యాలయానికి వెళ్ళేది. వాళ్ళు కాదంటే ఆ మాట అక్కడి రిజిస్టరులోకి ఎక్కేది, ఏడాదిపాటు మళ్ళీ అడిగే వీలుండేది కాదు. కాబట్టి కార్డు అడగాలా అన్నదానికంటే ఎప్పుడు అడగాలన్నదే పెద్ద ప్రశ్న. మా మేనేజరుగారికి మాత్రం ఆ ప్రశ్నే లేదు. "మన శాఖ నుంచి అయిదు దరఖాస్తులైనా వెళ్ళాలయ్యా" అనేవారు. అయిదుగురిలో నలుగురికి మచ్చపడినా ఆయనకు లెక్కలేదు. ఆ తీరు నాకు అప్పుడూ మంటే, ఇప్పుడూ మంటే.

మొదటి దరఖాస్తు సుశీలమ్మగారిది. నలభై అయిదేళ్ళుంటాయి. షావుకారు దగ్గర నూలు తెచ్చి, తమ వీధిలోని ఆరు మగ్గాలకిచ్చి, కూలికి నేయించి, చీరలు అమ్మేది. జరీ కోసం ఏటా మద్రాసు వెళ్ళేది. కిందటేడు అక్కడ తిరునాళ్ళలాగా కిక్కిరిసిన ఒక బజారులో ఆమె సంచీ కోసి డబ్బు కాజేశారు. శ్రావణమాసపు అమ్మకాలకు మళ్ళీ జరీ తేవాలి. కార్డుంటే దారిలో నగదు మోయకుండా, అక్కడి మా శాఖలోనే తీసుకోవచ్చని ఆమె ఆలోచన.

"డ్రాఫ్టు తీసుకెళ్ళవచ్చు కదమ్మా?" అని అడిగాను.

"ఎవరి పేరున తియ్యమంటారండీ? జరీ చూసి కొనాలి. ఏ కొట్లో బాగుంటుందో ఇక్కడినించే నాకెట్లా తెలుస్తుంది?"

జవాబు సరిగానే ఉంది. సరిగా ఉన్న జవాబును నేను ఎక్కువగా అనుమానిస్తాను. లెడ్జరు తెప్పించి చూశాను. ఆమె ఖాతా తెరిచి పది నెలలే. తొమ్మిది నెలలు అందులో నిలవ నామమాత్రం. పదో నెలలో, మూడు వారాల్లో, ఆరు జమలు. పే-ఇన్ స్లిప్పులు, అంటే డబ్బు కట్టేటప్పుడు నింపే చీటీలు, బయటికి తీయించాను. ఆరు చీటీల మీదా ఆరు చేతిరాతలు. ఆ రోజు నా పుస్తకంలో ఇలా ఉంది: "ఖాతాను ఎవరో మేపుతున్నారు. ఈమె వెనక ఇంకెవరో ఉన్నారు."

మర్నాడు చెప్పకుండా వాళ్ళ వీధికి వెళ్ళాను. మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగి, గుమ్మాల్లోకి మనుషులు వచ్చారు. నేను స్లిప్పుల తేదీలు చదివి, ఈ డబ్బు ఎవరిదని అడిగాను. సుశీలమ్మ తడుముకోలేదు.

"వీళ్ళదేనండీ. తలా కాస్త వేశారు. నిలవ చూసి కార్డిస్తారని అనుకున్నాం."

"ఇది మోసమని తెలియదా?"

"మోసమేమిటండీ! పెళ్ళిచూపులకి పక్కింటి కుర్చీలు తెచ్చుకోమా? చూసి వెళ్ళాక ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యమా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. కోటయ్య అనే నేతగాడు పంచె ఎగ్గట్టి ముందుకొచ్చాడు. "ఏవండీ ఆఫీసరుగారూ, మీ పెళ్ళిచూపులకి ఇంట్లో కుర్చీలన్నీ మీవేనా?"

"ఒరేయ్ కోటయ్యా, నువ్వూరుకో" అని ఆమె కసిరింది.

నాకు నవ్వు రాలేదు. ఎవరి డబ్బు వారికి తిరిగిచ్చేయమన్నాను. తరువాత నా పద్ధతి ప్రకారం తరువాతి ప్రశ్న వేశాను. ఇంతకుముందు ఎక్కడైనా అప్పు చేసి తీర్చారా? దరఖాస్తులో ఆ గడిలో "లేదు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"ఒక్క రూపాయి అప్పు లేదండీ నాకు" అంది, తలెత్తి.

"మరి నూలు డబ్బిచ్చే తెస్తున్నారా?"

"చీరలు అమ్ముడయ్యాక ఇస్తానండీ."

"అది అప్పు కాదా?"

"అది అప్పేమిటండీ! అది నూలు."

ఆ వీధిలో అందరిదీ అదే మాట. వడ్డీకి తెచ్చిన డబ్బే అప్పు. నూలు పనిలో భాగం. పదకొండేళ్ళుగా ఆమె ఒకే షావుకారు, పిచ్చయ్యగారి దగ్గర నూలు తెస్తోంది. ఏ కాగితమూ లేదు. అప్పుచేసి తీర్చిన చరిత్ర లేని మనిషికి కార్డివ్వరని నాకు తెలుసు. ఉన్న చరిత్రనే ఆమె లేదని రాసుకుంది. నిజమో కాదో తేల్చుకోవాలి. ఆఫీసుకు వచ్చి, బ్యాంకు లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో, పిచ్చయ్యగారికి రెండు వాక్యాల ఉత్తరం టైపు చేయించాను: ఫలానా ఆమెతో మీ లావాదేవీలు ఎటువంటివి, చెల్లింపులు సక్రమంగా ఉన్నాయా, దయచేసి తెలపండి. అది నిబంధనలో ఉన్న పనే.

పదో రోజున సుశీలమ్మ బ్యాంకుకు వచ్చింది. కౌంటరు దగ్గర నిలబడలేదు. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"షావుకారు నూలు ఆపేశాడండీ. ఆరు మగ్గాలూ ఆగిపోయినై. మీరేం రాశారు?"

ఆఫీసు కాపీ తీసి, తెలుగులో చెప్పి వినిపించాను. "ఇందులో మీకు వ్యతిరేకంగా ఒక్క మాటైనా ఉందా?"

"మాటలో తప్పు లేదండీ" అంది. "రావడమే తప్పు."

పిచ్చయ్యగారికి ఇంగ్లీషు రాదు. ఉత్తరాన్ని బజారులో ఇద్దరు వ్యాపారులకు చూపి చదివించుకున్నారు. బ్యాంకు ఆమె గురించి ఆరా తీస్తోందని సాయంత్రానికి బజారంతా తెలిసింది. ఇక ఇంకో షావుకారు కూడా నూలివ్వడు. శ్రావణం ఆరు వారాల్లోకి వచ్చింది. ఆరిళ్ళలో కూలి లేదు.

ఖాతాదారు సంగతులు బయట చెప్పడం నిషిద్ధం. అందుచేత ఆమె అనుమతి కాగితం మీద రాయించుకుని, ఆమెను వెంటబెట్టుకుని పిచ్చయ్యగారి కొట్టుకు వెళ్ళాను. ఆయన మాకు కుర్చీలు వేయించారు, సోడా తెప్పించారు, ఆమె వైపు మాత్రం చూడలేదు.

"ఈమె ఏనాడైనా గడువు తప్పిందా?" అని అడిగాను.

"లేదండీ."

"సరుకు తీసుకుని కాదందా?"

"అబ్బే."

"మరి నూలెందుకు ఆపారు?"

"పదకొండేళ్ళలో ఈవిడ గురించి నన్నెవరూ అడగలేదండీ. ఇప్పుడు బ్యాంకు అడిగింది. ఊరికే అడుగుతారా?"

కార్డు కోసమని వివరించాను. ఆయన కళ్ళు ఇంకా చిన్నవయ్యాయి. "అంటే ఇంకోచోట అప్పుకి పోతోందన్నమాట! నాతో ఒక్కమాట చెప్పకుండా."

"అది అప్పు కాదండీ, కార్డు" అంది సుశీలమ్మ.

"మరి దరఖాస్తు నేను ఆపేస్తాను" అన్నాను.

"చూశారా! మీకే నమ్మకం లేదు."

నా ఉత్తరం ఆయనకు అనుమానం. నా వివరణ ఇంకో అనుమానం. నా విరమణ మూడోది. నేను ఇరవై ఏళ్ళుగా ఇతరుల మీద చేసిన పని ఆయన నా ఎదుట కూర్చుని చేస్తున్నారు. ఒళ్ళు మండింది. నోటుబుక్కు తెరిచి, వాళ్ళ వీధిలో రాసుకున్న ఆరు పేర్లూ, ఆరు తేదీలూ చదివాను.

"వీళ్ళు ఈమె దగ్గర కూలికి నేసేవాళ్ళు. రసీదు లేకుండా తమ డబ్బు ఈమె పేరున వేశారు. నేను వద్దన్న మర్నాడే ఈమె ఎవరిది వారికి తిరిగిచ్చేసింది. తీసిన తేదీ మా లెడ్జరులో ఉంది. మునిగిపోయే మనిషి చేతిలో కూలివాళ్ళు డబ్బు పెడతారా పిచ్చయ్యగారూ? ఆమెను రోజూ చూసేది వాళ్ళే, మీరూ నేనూ కాదు."

ఆయన పుస్తకం తనవైపు తిప్పుకుని ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టి చూశారు. చివరికి ఆమెతో, "కోటయ్య కూడా వేశాడా?" అన్నారు.

"అందరికంటే ముందు వాడేనండీ."

"వాడు కాఫీకి కూడా చిల్లర తియ్యడే!" అని ఆయన లోపలికి కేక వేసి నూలు తీయించారు. మొదట సగమే ఇచ్చారు. ఆ సగం చెల్లాక మునుపటిలా పూర్తిగా ఇచ్చారు.

ఏ చీటీలను చూసి నేను మోసమని రాసుకున్నానో, ఆమె చరిత్ర అంతా వాటిలోనే ఉందని ఆ కొట్లో మాట్లాడుతుండగా నాకు తెలిసింది. మాట నోటి నుంచి వచ్చేదాకా నేను ఆ సంగతి ఆలోచించలేదు.

ఆ ఏడు దరఖాస్తు పంపలేదు. మేనేజరుగారు నాతో వారం రోజులు మాట్లాడలేదు. సుశీలమ్మ ఇద్దరు ఆడవాళ్ళను తోడు తీసుకుని, డబ్బు ముగ్గురూ పంచి కట్టుకుని మద్రాసు వెళ్ళివచ్చింది. తరువాత నా సలహా మీద చిన్న ఫిక్సెడ్ డిపాజిట్ వేసి, దాని మీద చిన్న అప్పు తీసుకుని, ప్రతి వాయిదా తేదీ తప్పకుండా కట్టింది. అక్కర లేని అప్పు చేయడమేమిటని మొదట నన్ను అనుమానంగా చూసింది. తిరిగి కట్టిన రాత ఒకటి ఉండాలని నచ్చచెప్పడానికి రెండుసార్లు వాళ్ళ వీధికి వెళ్ళవలసి వచ్చింది.

1987లో మళ్ళీ దరఖాస్తు చేసింది. ఈసారి షావుకారుకు ఉత్తరం నేను రాయలేదు. ఆమే వెళ్ళి, ఎందుకో ముందు చెప్పి, పన్నెండేళ్ళ నూలు ఖాతా సంగతి తెలుగులో రాయించి, ఆయన చేత సంతకం పెట్టించుకుని తెచ్చింది. కార్డు వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది షావుకారుకి చూపించనా వద్దా?" అని అడిగింది. మీ ఇష్టమన్నాను. పమిట కొంగున ముడివేసుకుని వెళ్ళిపోయింది.

అప్పు చరిత్ర లేనివారు కార్డు ఎప్పుడు అడగాలని ఇప్పుడు కూడా కొందరు నన్ను అడుగుతుంటారు. చిన్న అప్పొకటి ఏడాదిపాటు గడువు తప్పకుండా తీర్చాక అడగండి. అంతకుముందే మిమ్మల్ని నమ్మి సరుకిచ్చేవారికి ఆ మాట మీ నోటితో చెప్పండి అంటాను.

నా మటుకు నేను నేర్చుకున్నది వేరు. ఆ ఉత్తరం ఆఫీసు కాపీకి నకలు నా పుస్తకంలో ఉంది. ఎన్నిసార్లు చదివినా అందులో తప్పు కనిపించదు. ఆ తరువాతి ఉద్యోగకాలమంతా, ఒకరి గురించి ఇంకొకరికి రాసే ప్రతి ఉత్తరాన్నీ ముందు ఆ మనిషికే చదివి వినిపించాను. కొందరు పంపవద్దన్నారు. అలా అన్నవారి పేర్లు కూడా రాసి ఉంచాను. వాళ్ళు ఎందుకు వద్దన్నారో మాత్రం అడగలేదు.