ఎనభై పాయింట్ల బాబాయి

పొద్దున లేవగానే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, కొందరు కాఫీని తలుచుకుంటారు. మా బాబాయి టైర్లను తలుచుకునేవాడు. ముఖమైనా కడుక్కోకుండా గోనెపట్టా చంకన పెట్టుకుని, గాలి కొలిచే గేజీ జేబులో వేసుకుని వీధిలోకి నడిచేవాడు. అక్కడ ఆయన ఇల్లుబండి ఉండేది. మంచం, గ్యాసు పొయ్యి, గిన్నెలు కడుక్కునే తొట్టి అన్నీ లోపలే ఉన్న పాత వ్యాను అది. ముందు రెండు టైర్లు, వెనక జంటలుగా నాలుగు. ఒక్కోదానిలో ఎనభై పాయింట్ల గాలి ఉండాలి. డెబ్బై తొమ్మిది చూపించిందా, ఆ పూట బాబాయికి కాఫీ సయించేది కాదు.

అప్పుడు కంప్రెసర్ బయటికి వచ్చేది. చెప్పుల పెట్టెంత ఉండేది. బండి బ్యాటరీకి రెండు క్లిప్పులు తగిలించి, ఎర్ర గొట్టం టైరుకు బిగించి మీట నొక్కితే వీధంతా నిద్ర లేచేది. పెద్ద టైరుకు చిన్న యంత్రం కాబట్టి పది నిమిషాలు ఆడితే వేడెక్కిపోయేది. ఆ పైన పావుగంట దానికి విశ్రాంతి. ఆ పావుగంటా బాబాయి పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేవాడు.

"నాకు నూట మూడు జ్వరం వచ్చినప్పుడు విసిరిన పాపాన పోలేదు," అనేది పిన్ని. ఆ కంప్రెసర్‌కు ఆవిడ పెట్టిన పేరు సవతి. "ఏమండీ, సవతి లేచిందా? దానిక్కూడా కాఫీ కలపనా?"

"దానికి పంచదార పడదు," అనేవాడు బాబాయి తల ఎత్తకుండానే.

బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు టైర్ల పని చేసి రిటైరైన మనిషి. చేతులు ఊరుకునేవి కావు. పాలాయన గేటు దగ్గర ఆగితే, గిన్నెలో పాలు పోసేలోపు అతని సైకిలు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూసేవాడు. ఒకసారి డాక్టరుగారు ఆయనకు రక్తపోటు చూసి, "నూట ఇరవై, ఎనభై," అన్నారు.

"ఎనభై ఉందిగా, చాలు. ఆ నూట ఇరవై ఎందుకండీ, కొంచెం తీసెయ్యండి," అన్నాడు బాబాయి. డాక్టరుగారు పరీక్షగా ముఖంలోకి చూశారు. బాబాయి నవ్వడం లేదు.

పొద్దున్నే ఎందుకు చూడాలని ఓసారి అడిగాను.

"ఎండ తగిలినా, బండి నడిచినా టైరు వేడెక్కుతుందిరా. వేడెక్కిన టైరూ, కోపంలో ఉన్న మనిషీ ఒకటే. అప్పుడు చెప్పేది ఏదీ లెక్కలోకి తీసుకోకూడదు. చల్లారాక అడగాలి."

ఈ సూత్రాన్ని నేను గుర్తుపెట్టుకున్నాను. అందుకే తరవాత ఆయన దొరికిపోయాడు.

పిన్నికి రెండేళ్ళ కిందట తుంటి ఆపరేషన్ జరిగింది. ఆ తరవాత ఒకే ఒక్కసారి బస్సెక్కింది. ఐదు గంటలు కదలకుండా కూర్చుంటే కాలు కొయ్యబారిపోయింది. ఇద్దరు మోసి దింపారు. "మధ్యలో ఆపమని అడగొచ్చుగా పిన్నీ?" అంటే, "నా ఒక్కదాని కోసం బస్సంతా ఆగాలా?" అంది. ఆవిడ తత్వం అంతే. ఎవరైనా కాలు ఎలా ఉందని అడిగితే, "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అనేది. మళ్ళీ ప్రయాణం మాటెత్తలేదు.

అలాంటిది ఒకనాడు వాళ్ళ అక్క ఫోను చేసింది. మర్నాటి మర్నాడు ఆవిడకు కళ్ళ ఆపరేషన్. "ఎలా అవుతుందో ఏమోనే. ఉన్న చూపుతో ఒక్కసారి నీ ముఖం చూసుకోవాలని ఉంది," అందట. ఆస్పత్రిలో సాయంత్రం ఆరు దాటితే ఎవర్నీ లోపలికి రానివ్వరు. ఎనిమిది గంటల దారి. మర్నాడు పొద్దున ఆరింటికల్లా ఇల్లుబండిలో బయల్దేరాం. సామాను మొయ్యడానికని నన్నూ ఎక్కించారు.

సరిగ్గా గంటకు బండి ఆగింది.

"వెనక ఎడమ లోపలి టైరు తేడాగా ఉంది," అంటూ గోనెపట్టా తీసుకుని దిగాడు బాబాయి. కంప్రెసర్ మోత మొదలైంది. పిన్ని విసుక్కుంటూ దిగింది. బండికి ఇటు పక్కన అటూ ఇటూ తిరుగుతూ తిట్టింది. అరగంట కావస్తుండగా బయల్దేరాం. మళ్ళీ గంటకు అదే టైరు. మళ్ళీ గంటకూ అదే.

"అబ్బాయ్, నువ్వు చూస్తూ ఉండు," అంది పిన్ని. "ఆస్పత్రి గేటు వేసేశాక ఈయన వాళ్ళ గేటుకు కూడా గాలి కొడతాడు!"

నాలుగోసారి ఆగేసరికి పదకొండు దాటింది. భగవంతుడా, ఆ అక్కాచెల్లెళ్ళను కలుపు అని మనసులో అనుకుంటూ కూర్చున్న నాకు, ఆయన సూత్రం చటుక్కున గుర్తుకొచ్చింది. దిగి అటు పక్కకు వెళ్ళాను.

"వేడి టైరుకు గేజీ పెట్టకూడదన్నావుగా బాబా..."

కంప్రెసర్ దాని మానాన అది మోగుతోంది. ఎర్ర గొట్టం ఏ టైరుకూ తగిలించి లేదు, గడ్డిలో పడి గాలి ఊదుకుంటోంది. బాబాయి గోనెపట్టా మీద బోర్లా పడుకుని బండి కింద నుంచి అవతలికి చూస్తున్నాడు. అక్కడ పిన్ని పాదాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"పదకొండు," అన్నాడు.

"ఏంటి పదకొండు?"

"పన్నెండు. హుష్! గంటకోసారి ఇరవై చుట్లు నడిపించమన్నాడు డాక్టరు. 'నీ కాలు కోసం ఆపాను' అంటే మీ పిన్ని బండి దిగుతుందా? నన్ను తిట్టడానికైతే ఎంత దూరమైనా నడుస్తుంది."

"మరి ఆరు దాటితే?"

"ఏడుసార్లు ఆగుతామని లెక్క వేసుకునే ఆరింటికి బయల్దేరదీశాను. ఐదుంపావుకు అక్కడ ఉంటాం. పదమూడు."

ఐదుంపావు కాలేదు. ఐదూ పది అయింది. పిన్ని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, ఆస్పత్రి మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, వాళ్ళ అక్క మంచం మీద కూర్చుంది. అక్కగారు చెల్లెలి గడ్డం పట్టుకుని కిటికీ వెలుగుకు తిప్పి, కళ్ళు చికిలించి చాలాసేపు చూసుకుంది.

"నీ కాలెలా ఉందే?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఎనిమిది గంటలు కూర్చున్నా ఏమీ కాలేదు. ఆ మనిషి చాదస్తం లేకపోతే రెండింటికే వచ్చేదాన్ని."

బాబాయి నేరస్థుడిలా తలొంచుకుని నిలబడ్డాడు. తరవాత నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఒరేయ్, ఒక్క సాయం చెయ్యాలి. తిరుగు ప్రయాణంలో మీ పిన్నికి తొందరుండదు. తొందర లేకపోతే తిట్టదు, తిట్టకపోతే నడవదు. ఆగినప్పుడల్లా నువ్వు ముందు దిగి, నన్ను తిట్టడం మొదలుపెట్టు. ఆవిడే వచ్చి కలుస్తుంది."

"నిన్ను నేను తిట్టడమేంటి బాబాయ్! సరే, ఎంత గట్టిగా తిట్టాలి?"

బాబాయి జేబులో గేజీ తడుముకున్నాడు.

"ఎనభై ఉండాలిరా. డెబ్బై తొమ్మిదైతే ఆవిడకు అనుమానం వస్తుంది."