పిల్లర్ తీసేసిన చోట కుర్చీ

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే నాకు నవ్వు రాదు, కోపం వస్తుంది. రోజంతా వాటితోనే సరిపోతుంది మరి. జనం ఇల్లు కొనే ముందు ఆ ఇంటిని తనిఖీ చేసి ఉన్నదున్నట్టు చెప్పడం నా వృత్తి. "రాత్రిళ్ళు గోడలో ఎవరో కొడుతున్నారండీ" అని పిలుస్తారు. వెళ్ళి చూస్తే నీళ్ళ పైపుకి క్లాంపు ఊడి ఉంటుంది. "తలుపు దానంతట అదే తెరుచుకుంటోంది" అంటారు. చూస్తే గుమ్మం ఒరిగి ఉంటుంది. "ఆ గదిలో శవం కంపు కొడుతోంది" అంటారు. పైవాళ్ళ డ్రైనేజీ కారుతూ ఉంటుంది. ఇన్నేళ్ళలో నాకు ఒక్క దెయ్యం కూడా తగల్లేదు. చేతకాని ప్లంబర్లు మాత్రం బోలెడుమంది తగిలారు.

కింద రాసేది చదివి నన్ను తాయెత్తుల బాపతు అనుకోకూడదని ఇదంతా ముందే చెబుతున్నాను.

అమీర్‌పేట, పంజాగుట్ట వైపు పాత ఇళ్ళ సంగతి వేరు. ఒకప్పుడు పెంకుటిల్లో, ఒక్క అంతస్తు డాబానో ఉండేది. కోచింగుల పుణ్యమా అని హాస్టళ్ళకి గిరాకీ వచ్చింది. ఆ ఒక్క అంతస్తుకి వేసిన పునాది మీదే మూడేసి అంతస్తులు లేపేశారు. కింద నేల అంతా ఒకటే రకమైతే కాస్త నయం. ఇక్కడ ఇంటికి ఒక కాలు బండ మీద ఉంటుంది, ఇంకో కాలు ఎప్పుడో పూడ్చేసిన కుంట మట్టిలో ఉంటుంది. మట్టి వైపు కుంగుతుంది, బండ వైపు కుంగదు. మధ్యలో ఇల్లు చీలుతుంది. దాని మీద పుట్టీ పెట్టి, రంగు కొట్టి అమ్ముతారు. పైన పటారం, లోన లొటారం.

కొనేవాళ్ళూ తక్కువ వాళ్ళు కాదు. దిక్సూచి పట్టుకుని ఈశాన్యం చూస్తారు, వంటగది ఏ మూలో చూస్తారు. పునాది ఎంత లోతని ఒక్కడూ అడగడు. నా నోరు మంచిది కాదని పేరు రావడానికి కారణం అదే. నేను అందరికీ ఒకటే చెబుతాను. ఇంటి బరువు మాయం కాదు. స్లాబు నుంచి బీముకి, బీము నుంచి పిల్లరుకి, పిల్లరు నుంచి నేలకి దిగాలి. దారి మూసేస్తే ఇంకో దారి వెతుక్కుంటుంది. ఆ దారిలో మనిషి ఉన్నాడా, పసిపిల్ల ఉందా అని చూడదు. స్లాబు కింద నలిగిపోయిన వాళ్ళని నేను చూశాను. అన్నం తినలేకపోయాను.

మా అక్క కూతురు మౌనిక తెనాలి నుంచి వచ్చి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరింది. మా ఇంట్లో ఉండవే అంటే వినకుండా స్నేహితురాళ్ళతో హాస్టల్లో దిగింది. ఎండాకాలంలో ఒక ఆదివారం ఫోన్ చేసి, "మావయ్యా, మా రూమ్ తలుపు మళ్ళీ పట్టేస్తోంది. తన్నితే గానీ రావట్లేదు. దెయ్యం లోపల్నుంచి పట్టుకుంటోందని మా వాళ్ళు జోకులేస్తున్నారు" అంది. దానికి నవ్వులాటగానే ఉంది. నాకు మాత్రం చిరాకేసింది. వానాకాలం అయితే చెక్క ఉబ్బిందనుకోవచ్చు. మండుటెండలో తలుపు ఎందుకు ఉబ్బుతుంది?

మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళాను. సందులో ఇల్లు. కింద ఓనరు కుటుంబం, పైన మూడు అంతస్తులూ ఆడపిల్లల హాస్టలు. మెట్లు బయట పక్కగా ఉన్నాయి. ఆదివారం కాబట్టి పిల్లలంతా తలుపులేసుకుని పడుకున్నారు. మౌనిక గది తలుపు భుజంతో నెడితే వచ్చింది. నేల మీద రసమట్టం పెట్టాను. అందులోని బుడగ ఎత్తుగా ఉన్న బయటి గోడ వైపు పరుగెత్తింది. అంటే నేల ఇంటి మధ్యకి వాలిపోయింది. వరండాలో గోడల మీద పగుళ్ళన్నీ ఏటవాలుగా దిగి ఒకేచోటికి పోతున్నాయి. కింద ఓనరు హాల్లోకి.

పిల్లని మెట్ల దగ్గరే నిలబడమని చెప్పి కిందికి దిగాను. ఓనరు పేరు నర్సింగరావు. ఆయన లేడు, పొద్దున్నే పెళ్ళికి సిద్దిపేట వెళ్ళాడట. భార్య సుగుణమ్మ తలుపు తీసింది. హాలు నడిమధ్యలో టీవీకి ఎదురుగా ఒక పెద్ద టేకు కుర్చీ ఉంది. దాని కింద కొత్త టైల్స్, చుట్టూ పాతవి. తలెత్తి చూశాను. బీముకి అడుగున కోసేసిన ఇనుప చువ్వల మొనలు, వాటి మీద పలచగా పూసిన సిమెంటు.

"అమ్మా, ఇక్కడ పిల్లర్ ఏమైంది?" అన్నాను.

"వాస్తు సార్ జెప్పిండు. దర్వాజ ముంగట పిల్లర్ ఉంటే ద్వారవేధ అంట. ఇంట్ల కొట్లాటలు అయితయంట. మాయనకు, మా మరిదికి ఎప్పుడు లొల్లే. గందుకే తీపిద్దామన్నడు. ఏ మేస్త్రి ఒప్పుకోలే. మాయననే సమ్మెట పట్టి పగలగొట్టిండు. దసరా ముంగట."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట. ఇంటి బరువంతా మోసే నడి పిల్లరు! అది తీసేశాక ఇల్లు ఆరోజే కూలాలి. దసరా నుంచి ఎండాకాలం దాకా ఎలా నిలబడింది? ఆ ప్రశ్న అప్పుడే తట్టింది గానీ ఆలోచించే టైము లేదు. పైన పిల్లలున్నారు. మెట్ల దగ్గర మా మౌనిక ఉంది. పరుగెత్తబోయేసరికి, పెళ్ళి నుంచి అప్పుడే తిరిగొచ్చిన నర్సింగరావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

భారీ మనిషి. ఒక భుజం కిందికి జారిపోయి ఉంది. కాలరు పక్కన మెడ దగ్గర చర్మం నల్లగా కమిలి ఉంది.

"ఎవడ్రా నువ్వు? నా ఇంట్ల నీకేం పని?"

మర్యాదగానే చెప్పాను. పిల్లల్ని ఇప్పుడే దించాలి, బీము కింద ఇనప జాకీలు పెట్టాలి, లేకపోతే ఇల్లు ఉండదు అని. చెప్పడం పూర్తవలేదు, మొహం మీద గుద్దాడు. కళ్ళద్దాలు పగిలాయి, పెదవి చిట్లి నోట్లోకి రక్తం వచ్చింది. నేనూ ఊరుకోలేదు. భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది, చొక్కా పట్టుకున్నాను. నన్ను గోడకేసి కొట్టి, తలుపు వెనక నుంచి సమ్మెట లాగాడు. అదే సమ్మెట అయ్యుంటుంది.

"నా హాస్టల్ మూయిస్తవా? సంపుత బిడ్డా!"

ఎత్తి కొట్టాడు. నేను పక్కకి పడ్డాను. దెబ్బ నా తల ఉన్నచోట గోడకి తగిలి ఇటుకలు రాలాయి. సుగుణమ్మ ఏడుస్తూ ఆయన నడుం పట్టుకుంది. ఆమెని ఒక్క తోపు తోశాడు. మళ్ళీ సమ్మెట ఎత్తేలోపు పైన బీము తుపాకీ పేలినట్టు చిట్లింది.

పెచ్చులు రాలిపడ్డాయి. పైన పిల్లల కేకలు. తలుపులు బాదుతున్నారు. "తలుపు రావట్లేదు! ఎవరైనా తీయండి!" అని ఏడుస్తున్నారు. గుమ్మాలు నలిగి తలుపులన్నీ బిగుసుకుపోయాయి. నర్సింగరావు చేతిలోంచి సమ్మెట జారింది. పైకి చూస్తూ వెనక్కి నడిచాడు, కాలు తగిలి కుర్చీ పడిపోయింది. ఆ కొత్త టైల్స్ మీద నిలబడ్డాడు.

ఇక్కడి నుంచి నేను చూసింది చూసినట్టు రాస్తాను. నమ్మమని అడగను.

ఆయన మోకాళ్ళు ఒక్కసారి వంగాయి. భుజాల మీద కండ కిందికి నొక్కుకుపోయింది, మన కంటికి కనబడని బస్తా ఏదో పడేసినట్టు. మీద ఏమీ లేదు. తలకీ బీముకీ మధ్య ఒక మనిషి చేయెత్తు ఖాళీ ఉంది, దాంట్లోంచి దుమ్ము రాలడం కనపడుతోంది. గావుకేక పెట్టాడు. నేనూ సుగుణమ్మా చెరో చెయ్యి పట్టి లాగాం. కొంచెం జరిగాడో లేదో, బీము మూలిగింది, ఫ్యాను ఊడి పడింది, పైన కేకలు రెట్టింపయ్యాయి.

"ముట్టకుండ్రి!" అని అరిచాడు. మళ్ళీ ఆ టైల్స్ మధ్యకి పాకి, మోకాలి మీద లేచాడు. అప్పుడు ఆ మొహంలో కోపం లేదు. నా వంక చూసి, "సార్, నన్ను వదులు. నువ్ వోయి పొల్లలను దించు" అన్నాడు.

పళ్ళు బిగించి లేచాడు. లేస్తుంటే ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినపడింది. ముక్కులోంచి రక్తం కారుతోంది. రెండు చేతులూ పైకెత్తాడు, అరచేతులు గాలిలోనే ఉన్నాయి, దేన్నీ తాకలేదు. నిటారుగా నిలబడ్డాడు. ఆ క్షణంలో పైన తలుపులు తెరుచుకోవడం విన్నాను. ఒకదాని వెనక ఒకటి.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. పిల్లల్ని తోసి, లాగి, బూతులు తిట్టి కిందికి పంపాను. మౌనిక నా మాట విని నిలబడకుండా ఎవరో జ్వరంతో ఉన్న పిల్ల కోసం పై అంతస్తుకి వెళ్ళింది. ఇద్దర్నీ జబ్బలు పట్టి ఈడ్చుకొచ్చాను. సందులోకి వచ్చాక ప్రతి అంతస్తు పిల్లల్నీ పేరుపేరునా పిలుచుకోమన్నాను. అందరూ పలికారు.

మళ్ళీ హాల్లోకి పరుగెత్తాను. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. కాళ్ళు మోకాళ్ళ కింద ఎలా వంగాయో చెప్పను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అందరు దిగిండ్రా?"

"దిగారన్నా" అన్నాను. చంపడానికి వచ్చిన మనిషిని అన్నా అని ఎందుకు పిలిచానో ఇప్పటికీ తెలియదు. "దిగిండ్రు" అని తనలో తాను అనుకుని, చేతులు దించేశాడు. నేనూ, కేకలు విని వచ్చిన పక్కింటివాళ్ళు ఇద్దరూ ఆయన్ని ఈడ్చుకుంటూ గుమ్మం దాటించాం. సుగుణమ్మ వెనకే వచ్చింది. మేము గేటు దగ్గరికి వచ్చేసరికి ఇంటి నడుం విరిగింది. మూడు అంతస్తులూ లోపలికి కూరుకుపోయాయి. మంచాలు, సూట్‌కేసులు, నీళ్ళ ట్యాంకు, అన్నీ ఆ హాల్లోకే. దుమ్ము అమీర్‌పేట మెయిన్ రోడ్డు దాకా పోయింది.

ఆస్పత్రిలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఆయన మీద ఏం పడింది?" అని అడిగాడు. వెన్నెముక అణిగిపోయింది, పాదాల ఎముకలు పిండయ్యాయి. కానీ పాత కమిలిన మచ్చలు తప్ప భుజాల మీద, తల మీద చర్మం కూడా గీసుకుపోలేదు. ఏం పడిందని చెప్పను? పోలీసులూ అదే అడిగారు. ఏమీ పడలేదని చెప్పాను. నా తలకి దెబ్బ తగిలిందని రాసుకున్నారు. ఆ రాత్రే నర్సింగరావు పోయాడు.

వరండాలో కూర్చుని సుగుణమ్మ చెప్పింది. పిల్లరు పగలగొట్టిన వారం నుంచే ఆయన భుజం కమలడం మొదలైందట. ఆ కుర్చీలో కూర్చుని టీవీ చూసి లేస్తే ఒళ్ళంతా దెబ్బలే. ఒకరోజు మెడ పక్క ఎముక విరిగింది. నిద్రలో తమ్ముడే వచ్చి కొడుతున్నాడని అనుమానం. తమ్ముణ్ణి పట్టుకుని పళ్ళు రాలేలా కొట్టాడు. ఆమెనూ వదల్లేదు. "అయినా గా కుర్చీ మాత్రం ఇడవలె సార్. జరిగి కూసో అంటే, నాకు గిక్కడనే మంచిగుంటది అనేటోడు."

మౌనిక ఇంకో మాట చెప్పింది. అంతకుముందు రెండు మూడుసార్లు తలుపులు పట్టేశాయట. ఆయన ఊళ్ళో లేనప్పుడే. ఆయన బుల్లెట్టు గేట్లోకి వచ్చిన కాసేపటికి మామూలుగా తెరుచుకునేవట. పిల్లలు అది చూసి, ఓనరుకి భయపడి దెయ్యం పారిపోతోందని నవ్వుకునేవారట.

నా తోటి ఇంజనీర్లు నాకు సర్దిచెప్పారు. ఇటుక గోడలు కొంతకాలం బరువు మోస్తాయి, నిజమే. రక్తపోటు పెరిగి మనిషి కుప్పకూలొచ్చు, ఎముకలు పెళుసైన జబ్బు ఉండొచ్చు. అన్నీ నాకు తెలిసినవే, వేరేవాళ్ళకి నేనే చెప్పేవాణ్ణి. కానీ ఆయన నిలబడగానే తలుపులు ఎందుకు తెరుచుకున్నాయి?

అంత్యక్రియలకి వెళ్ళాను. అన్న చేతిలో ముందరి పళ్ళు పోగొట్టుకున్న తమ్ముడే పాడె మోశాడు. శ్మశానంలో దింపాక నా పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. "అన్న మస్తు భారీ మనిషి సార్. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఏసుకొని తిప్పిండు. గిప్పుడు మోస్తుంటే పాడె మీద ఏం లేనట్టె ఉండె. జర సుత బరువు లేకుండె."

ఇప్పటికీ ఇళ్ళు తనిఖీ చేస్తున్నాను. బరువు మాయం కాదు, దారి వెతుక్కుంటుందని ఇప్పటికీ చెబుతున్నాను. కానీ ఏ ఇంట్లోకి వెళ్ళినా పిల్లర్ల కంటే ముందు ఆ ఇంటాయన రోజూ ఎక్కడ కూర్చుంటాడో చూస్తాను.