ఒక్క చెంబు స్నానం

యుద్ధం ముగిశాక మా మేనమామ నేవీలో పింఛను పుచ్చుకుని, రామతీర్థం దగ్గర మా ఇంటికి వచ్చేశాడు. రంగూన్, కొలంబో, ఏడెన్ అన్నీ చూసిన మనిషి. ఏ ఊరి సంగతి అడిగినా కళ్ళు అరమూసి, "అక్కడా మనలాంటోళ్ళే" అనేవాడు మెత్తగా.

ఆయనలో ఒకటే వింత. నిండు నూతి పక్కన నిలబడి ఒక్క చెంబు నీళ్ళతో స్నానం ముగించేవాడు. ఆయన 'అప్పా' అని పిలిచే అక్క మా అమ్మ. ఆమెకి ఇది కష్టంగా ఉండేది.

"పరాయింట్లో ఉన్నావేటిరా? నూతినిండా నీళ్ళున్నాయి, పోసుకో!"

"సాలప్పా. ఓడలో సుట్టూ సముద్రమే గానీ, మంచినీళ్ళు మనిషికో చెంబే. ఎనక వరసలో ఇంకా బోల్డుమంది ఉంటారు."

ఒక వేసవి ఉదయం అమ్మ ఇక ఊరుకోలేదు. తన తమ్ముణ్ణి పీట మీద కూర్చోబెట్టి, తనే తోడి బిందెలతో కుమ్మరించింది. ఆయన కళ్ళు మూసుకుని, ఏ ఓడ మీదో ఉన్నట్టు మెల్లగా ఊగుతూ కూర్చున్నాడు. నీళ్ళు అరటి పాదుల్లోకి పారుతున్నాయి. మూడో బిందె ఎత్తగానే అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు మాత్రం తెరవలేదు.

"అప్పా, ఎనకున్నోళ్ళకి మిగిలాయా?"

వెనక ఎవరూ లేరు. అయినా అమ్మ ఒకసారి అటు తిరిగి చూసింది.

"అందరికీ ఉన్నాయిరా" అంది.

అప్పుడు చెయ్యి వదిలాడు.